స్టెమ్ సెల్ థెరపీతో వయసు వెనక్కి వెళ్తుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

స్టెమ్ సెల్స్ అనగానే కొందరు "అదంతా మోసం" అని కొట్టిపారేస్తారు, ఇంకొందరు ఒక్క సెలైన్ బాటిల్‌తో పదేళ్లు తగ్గిపోతామని నమ్మేస్తారు. ఇద్దరిదీ తొందరే. ఈ చికిత్సల్లో కొన్ని ప్రాణాలు నిలబెడుతున్నాయి, కొన్ని ఇంకా ప్రయోగాల్లో ఉన్నాయి, చాలావరకు మాత్రం పేరు వాడుకుని అమ్ముకుంటున్నవే. వీటిని విడదీయడానికి నేను చూసేది ఒక్కటే: ఏ కణం ఎక్కిస్తున్నారు, అది ఎక్కడికి వెళ్తోంది, వెళ్లి ఏం చేస్తోంది, ఎన్నాళ్లు బతికుంటోంది. కింద ఏ ప్రశ్న చదివినా మళ్లీ మళ్లీ ఇక్కడికే వస్తాం.

అసలు స్టెమ్ సెల్ అంటే ఏమిటి?

రెండు పనులు చేయగల కణం. ఒకటి, తనలాంటి కణాన్నే మళ్లీ తయారుచేసుకోవడం. రెండోది, అవసరమైనప్పుడు రక్తకణంగానో చర్మకణంగానో మారే పిల్ల కణాలను పుట్టించడం. తెలుగులో మూలకణం అంటాం. మన ఎముక మజ్జలో ఉన్న మూలకణాల పుణ్యమా అని రోజుకి దాదాపు 20 వేల కోట్ల ఎర్ర రక్తకణాలు కొత్తగా పుడుతుంటాయి. ఇలాంటి కణాలు నిజంగా ఉన్నాయని చూపించింది కెనడాలో టిల్, మెకల్లక్ అనే ఇద్దరు, 1961లో. రేడియేషన్‌తో మజ్జ నాశనమైన ఎలుకలకు వేరే ఎలుకల మజ్జ ఎక్కించారు. కొన్నాళ్లకి ప్లీహం మీద చిన్న చిన్న బుడిపెలు కనబడ్డాయి, ఒక్కో బుడిపె ఒక్కో కణం నుంచి పుట్టిందని తర్వాత తేలింది.

అన్ని స్టెమ్ సెల్స్ ఒకటేనా?

కాదు, గందరగోళమంతా మొదలయ్యేది ఇక్కడే. మజ్జలోని రక్త మూలకణం రక్తాన్నే తయారుచేస్తుంది, మెదడునీ మోకాలినీ కాదు. చర్మ మూలకణం చర్మాన్నే. పిండ మూలకణాలు దాదాపు ఏ కణంగానైనా మారగలవు, మనుషుల పిండాల నుంచి వాటిని మొదటిసారి వేరుచేసి పెంచింది జేమ్స్ థామ్సన్ బృందం, 1998లో. 2006లో షిన్యా యమనకా అంతకంటే ఆశ్చర్యమైన పని చేశారు. ఎలుక చర్మకణాలలో నాలుగు జన్యువులను పనిచేయించి వాటిని పిండకణాల్లాంటి స్థితికి వెనక్కి తీసుకెళ్లారు. మరుసటి ఏడాది మనిషి కణాలతోనూ అది సాధ్యమైంది. 2012లో నోబెల్ వచ్చింది, కప్పల మీద యాభై ఏళ్ల ముందే ఇలాంటి ప్రయోగం చేసిన జాన్ గర్డన్‌తో కలిపి.

ఇక చివరిది మెసెంకైమల్ కణాలు. కొవ్వు, మజ్జ, బొడ్డుతాడు, ఇలా చాలాచోట్ల దొరుకుతాయి, ల్యాబ్‌లో తేలిగ్గా పెరుగుతాయి. వయసు తగ్గిస్తామనే క్లినిక్‌లు ఎక్కించేది దాదాపు ఎప్పుడూ ఇవే. తేలిగ్గా దొరుకుతాయి కాబట్టి.

సరే, ఇప్పటికే నిరూపణ అయిన చికిత్సలు ఏమున్నాయి?

అన్నిటికంటే పాతది, గట్టిది ఎముక మజ్జ మార్పిడి. లుకేమియా లాంటి రక్త క్యాన్సర్లకు, కొన్ని పుట్టుకతో వచ్చే రక్త జబ్బులకు దశాబ్దాలుగా చేస్తున్నారు. దీన్ని నిలబెట్టినందుకు డాక్టర్ డొనాల్ థామస్‌కి 1990లో నోబెల్ ఇచ్చారు. సికిల్ సెల్ జబ్బుకి 2023లో అనుమతి పొందిన క్రిస్పర్ (జన్యువులను కత్తిరించి సవరించే పద్ధతి) చికిత్స కూడా నిజానికి ఇదే దారి: రోగి సొంత రక్త మూలకణాలు తీసి, జన్యువును సవరించి, తిరిగి ఎక్కిస్తారు.

చర్మానిది ఇంకో మంచి కథ. ముట్టుకుంటే చాలు చర్మం ఊడిపోయే జన్యు జబ్బు ఉన్న ఒక పిల్లవాడికి, జన్యువు సరిచేసిన అతని సొంత మూలకణాలతో పెంచిన చర్మాన్ని ఒంట్లో దాదాపు 80 శాతానికి అతికించారు. ఇటలీకి చెందిన మికేలె డి లూకా బృందం 2017లో ఆ వివరాలు ప్రచురించింది. కంటి నల్లగుడ్డు మీది పొర కాలిపోయినవాళ్లకి కంటి అంచున ఉండే మూలకణాలతో చేసే చికిత్సకి యూరప్‌లో 2015లోనే అనుమతి ఉంది.

కొత్తగా వస్తున్న వాటిలో నాకు బాగా నమ్మకం కలిగించింది టైప్ 1 డయాబెటిస్ ప్రయోగం. మూలకణాల నుంచి ఇన్సులిన్ తయారుచేసే కణాలను పెంచి ఎక్కించారు. 2025లో వచ్చిన ఫలితాల్లో పూర్తి డోసు తీసుకున్న 12 మందిలో 10 మంది ఏడాది తర్వాత ఇన్సులిన్ ఇంజెక్షన్ లేకుండా ఉన్నారు. అయితే వేరేవాళ్ల కణాలు కాబట్టి రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడుతూనే ఉండాలి, అది చిన్న విషయం కాదు. పార్కిన్సన్స్‌కి కూడా అదే ఏడాది రెండు చిన్న ప్రయోగాల ఫలితాలు వచ్చాయి. మెదడులో పెట్టిన కణాలు బతికాయని, ఆ జబ్బులో తగ్గిపోయే డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేస్తున్నాయని స్కాన్‌లలో కనిపించింది.

వీటన్నిటిలో ఒక పోలిక ఉంది చూడండి. పోయింది ఏ కణమో తెలుసు, పెట్టింది ఆ కణమే, పెట్టాల్సిన చోటే పెట్టారు, అది బతికిందో లేదో కొలిచారు.

మరి వయసు తగ్గించడానికి నరంలోకి ఎక్కించే కణాలు ఎక్కడికి వెళ్తాయి?

ఎక్కువ భాగం ఊపిరితిత్తుల్లోనే ఇరుక్కుపోతాయి. చేతి నరంలోకి ఎక్కించిన ఏదైనా గుండె మీదుగా ముందు ఊపిరితిత్తులకే వెళ్తుంది. అక్కడి సన్నటి రక్తనాళాలు పది మైక్రాన్లు (మిల్లీమీటరులో నూరో వంతు) కూడా ఉండవు, ల్యాబ్‌లో పెంచిన మెసెంకైమల్ కణం దానికంటే పెద్దది. జంతువుల్లో గుర్తులు పెట్టి వెంబడించి చూస్తే ఆ కణాలు చాలావరకు ఒక రోజులోనో కొన్ని రోజుల్లోనో చచ్చిపోతున్నాయి, మన తెల్లకణాలు వాటిని మింగేస్తున్నాయి. గుండెకి వెళ్లి గుండె కణమై, మెదడుకి వెళ్లి మెదడు కణమై అక్కడే స్థిరపడతాయని బ్రోషర్లలో వేసే బొమ్మ ఉత్త ఊహ.

అయితే అవి ఏమీ చేయవని కాదు. చచ్చేలోపు రకరకాల రసాయన సంకేతాలు వదులుతాయి, రోగనిరోధక వ్యవస్థను కాస్త శాంతపరుస్తాయి. ఈ గుణాన్ని పట్టుకునే 2024 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక మెసెంకైమల్ కణాల మందుకి అనుమతి ఇచ్చింది. అది మజ్జ మార్పిడి తర్వాత, ఎక్కించిన దాత కణాలు ఒంటి మీదే దాడిచేసే ప్రమాదకర స్థితికి, అదీ స్టెరాయిడ్లకు లొంగని పిల్లలకి. వారానికి రెండుసార్ల చొప్పున నాలుగు వారాలు ఇస్తారు. ఫలానా జబ్బు, ఫలానా డోసు, ఫలానా రోగులు అని స్పష్టంగా ఉంది. దాన్ని చూపించి "స్టెమ్ సెల్స్‌కి ఎఫ్‌డీఏ ఆమోదం ఉంది, మీ ముడతలూ పోతాయి" అంటే అది తెలిసి ఆడే అబద్ధం.

ఎక్కించుకున్నవాళ్లు హుషారుగా ఉందంటున్నారు కదా, వాళ్లు అబద్ధమాడతారా?

ఆడరు. వాళ్లకి నిజంగానే హుషారుగా అనిపించి ఉండొచ్చు. బోలెడు డబ్బు పెట్టి, దూరం ప్రయాణం చేసి, ఆశతో చేయించుకున్న దేనికైనా ప్లాసిబో ప్రభావం, అంటే మందు వల్ల కాక నమ్మకం వల్లే బాగున్నట్టు అనిపించడం, బలంగా ఉంటుంది. నొప్పి, నీరసం, నిద్ర లాంటివాటిలో మరీనూ. కొన్నిచోట్ల ఆ సెలైన్‌తో పాటు విటమిన్లో స్టెరాయిడో కూడా పడుతుంది. అందుకే సగం మందికి ఉత్తుత్తి ఇంజెక్షన్ ఇచ్చి, ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ డాక్టరుకీ తెలియకుండా పోల్చి చూడాలి. వయసు మీదపడి బలహీనపడ్డవాళ్ల మీద అలాంటి ప్రయోగాలు మొదలయ్యాయి కూడా. 2017లో వచ్చిన ఒకదానిలో సగటున 75 ఏళ్లున్న 30 మంది పాల్గొన్నారు, పెద్ద ప్రమాదాలేమీ కనబడలేదు, నడకలో కొంత మెరుగు కనిపించింది. ఆశ పెట్టుకోదగ్గదే, కాదనను. కానీ 30 మందిని మూడు గుంపులు చేస్తే గుంపుకి పదిమంది, దాని మీద ఆధారపడి ప్యాకేజీలు అమ్మడానికి సరిపోదు.

వయసు పెరుగుతుంటే మన సొంత మూలకణాలకి ఏమవుతుంది?

ఈ మొత్తం రంగంలో నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది ఇదే, కాస్త నిదానంగా చెబుతాను.

యవ్వనంలో మన రక్తాన్ని తయారుచేసే పని 20 వేల నుంచి 2 లక్షల మూలకణాలు పంచుకుంటాయి. ఒక్కో కణం ఏడాదికి సగటున 17 జన్యుమార్పులు పోగేసుకుంటుంది. చాలావాటి వల్ల ఏ నష్టమూ లేదు. కానీ ఎప్పుడో ఒక మార్పు ఆ కణానికి పక్కవాటికంటే కొంచెం వేగంగా పెరిగే బలం ఇస్తుంది, దాని సంతతి దశాబ్దాలపాటు మెల్లగా విస్తరిస్తూ పోతుంది. 2022లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 75 దాటినవాళ్ల రక్తాన్ని చూస్తే 30 నుంచి 60 శాతం రక్తం కేవలం 12–18 కణాల వంశాల నుంచే వస్తోంది! 115 ఏళ్లు బతికిన డచ్ మహిళ హెన్‌డ్రిక్యె వాన్ ఆండెల్ షిప్పర్ తన దేహాన్ని పరిశోధనకి ఇచ్చారు. ఆవిడ చివరి రోజుల్లో రక్తం చాలావరకు రెండే రెండు మూలకణాల నుంచి వచ్చేదని 2014లో తేలింది.

ఇలా ఒక వంశం పెత్తనం చేయడాన్ని జబ్బు అనలేం, కానీ దానివల్ల రక్త క్యాన్సర్ ముప్పుతో పాటు గుండెజబ్బుల ముప్పు కూడా పెరుగుతుందని తెలిసింది. మూలకణాల ముసలితనం అంటే ఎప్పుడూ సంఖ్య తగ్గడమే కాదని అర్థమవుతోంది కదా. కొన్నిచోట్ల కణాలు ఉంటాయి, నిద్ర లేవవు. కండరాల్లో ఇలాగే జరుగుతుంది, దెబ్బ తగిలినప్పుడు మరమ్మతుకి లేవాల్సిన కణాలు ఆలస్యంగా లేస్తాయి. ఇంకొన్నిచోట్ల తప్పు కణంలో కాదు, అది కూర్చున్న పరిసరాల్లో ఉంటుంది: చుట్టూ వాపు, గట్టిపడిన కణజాలం, తగ్గిన రక్తప్రసరణ. అలాంటి చోట కొత్త కణం తెచ్చి పెట్టడం గుంతలు పడ్డ రోడ్డు మీదకి కొత్త డ్రైవర్ని పంపడమే.

కుర్రవాళ్ల కణాలు ఎక్కిస్తే ఒళ్లంతా కుర్రదవుతుందా?

దీనికి జవాబు మజ్జ మార్పిడి చేయించుకున్నవాళ్లలో దొరుకుతుంది. వాళ్ల రక్తం వయసును డీఎన్‌ఏ గుర్తులతో కొలిస్తే దాత వయసే చూపిస్తుంది, ఏళ్లు గడిచినా సరే. అంటే యాభై ఏళ్ల మనిషి ఒంట్లో ముప్పై ఏళ్ల రక్తం హాయిగా తిరుగుతుంటుంది. అయినా ఆ మనిషి జుట్టు నల్లబడలేదు, మోకాళ్లు బాగుపడలేదు. రక్తం కుర్రదైంది, అంతే. పైగా ఆ మార్పిడికి ముందు బలమైన కీమో, ఒక్కోసారి రేడియేషన్ కూడా ఇస్తారు, ప్రాణం మీదికి వచ్చిన జబ్బుంటే తప్ప ఎవరూ దాని జోలికి వెళ్లరు.

బయలాజికల్ ఏజ్ టెస్ట్ చేయించి "చికిత్సకి ముందు 58, తర్వాత 51" అని చూపిస్తున్నారు. అది నమ్మొచ్చా?

ముందు ఆ టెస్ట్ ఏమిటో చూద్దాం. మన డీఎన్‌ఏ మీద అక్కడక్కడ మిథైల్ అనే రసాయన గుర్తులు ఉంటాయి, వయసుతో పాటు అవి ఒక పద్ధతి ప్రకారం మారుతుంటాయి. 2013లో స్టీవ్ హోర్వత్ అలాంటి 353 చోట్లు ఎంచి, వాటిని బట్టి వయసు చెప్పే లెక్క తయారుచేశారు. ఆ తర్వాత ఇలాంటి గడియారాలు చాలా వచ్చాయి. వేలమందిని కలిపి చూసే పరిశోధనకి ఇవి నిజంగా పనికొస్తాయి.

ఒక మనిషికి ముందూ తర్వాతా చూడ్డానికి వచ్చేసరికి చిక్కు. ఒకే రక్తపు నమూనాని రెండుసార్లు పరీక్షిస్తే కొన్ని గడియారాల్లో 9 ఏళ్ల వరకు తేడా వస్తోందని 2022లో చూపించారు. కాబట్టి 58 కాస్తా 51 అయిందంటే, ఏ చికిత్సా లేకుండా ఇంకోసారి చేయించినా అయ్యేదేమో. ఇంకో సంగతి కూడా. తుంటి విరిగి అత్యవసర ఆపరేషన్ అయినప్పుడు, గర్భంతో ఉన్నప్పుడు, కోవిడ్ తీవ్రంగా ఉన్నప్పుడు ఈ వయసు పెరుగుతుంది, కోలుకున్నాక తగ్గుతుంది. 2023లో ఈ విషయం బయటపడింది. టెన్షన్‌లో ఉండగా ఒకసారి, సెలవుల తర్వాత ఒకసారి ఇస్తే ఏం వస్తుందో మీరే ఆలోచించండి. వేర్వేరు కంపెనీల టెస్టులు ఒకే మనిషికి వేర్వేరు వయసులు చెప్పడం కూడా మామూలే.

యమనకా జన్యువులతో ముసలి కణాన్ని మళ్లీ పడుచు కణం చేయొచ్చంటున్నారు, అదేమిటి?

ఇది మాత్రం నిఖార్సైన సైన్స్. చర్మకణాన్ని పూర్తిగా వెనక్కి తీసుకెళ్తే హోర్వత్ గడియారంలో దాని వయసు దాదాపు సున్నాకి వస్తుంది. కానీ పూర్తిగా వెనక్కి వెళ్లిన కణం తానెవరో మర్చిపోతుంది. 2013లో బతికున్న ఎలుకల్లో ఈ జన్యువులను అలాగే పనిచేయనిస్తే టెరటోమా అనే గడ్డలు లేచాయి. అందుకని కొంచెం వెనక్కి తీసుకెళ్లి ఆపేయడం అన్న ఆలోచన వచ్చింది. 2016లో కార్లోస్ బెల్మోంటె బృందం త్వరగా ముసలైపోయే జన్యు లోపం ఉన్న ఎలుకల్లో ఈ జన్యువులను రెండు రోజులు ఆన్, ఐదు రోజులు ఆఫ్ చేస్తూ పోతే వాటి ఆయుష్షు పెరిగింది. 2020లో డేవిడ్ సింక్లెయిర్ బృందం నాలుగో జన్యువును, అంటే క్యాన్సర్‌తో సంబంధమున్న సి-మిక్‌ను వదిలేసి మిగతా మూడింటితో ఎలుకల్లో దెబ్బతిన్న కంటి నరాన్ని కొంత మేర బాగుచేసింది.

గమనించారా, ఇందులో బయటి నుంచి కణాలేవీ ఎక్కించట్లేదు. మన కణాలనే ఉన్నచోట మారుస్తున్నారు. వయసు విషయంలో అసలైన మార్పు వస్తే ఈ దారినే వస్తుందేమో అని నా అనుమానం. కానీ ఎంతసేపు ఆన్ చేయాలి, ఏ అవయవంలో ఎంత, ఎక్కడ ఆపాలి అన్నది తేలాలి, ఒక్క కణం హద్దు దాటినా గడ్డ కడుతుంది. ఏ క్లినిక్ అయినా ఇప్పుడే ఈ చికిత్స ఇస్తామంటే లేచి వచ్చేయండి.

కోతుల వయసు తగ్గిందని వార్త చూశాను?

2025లో వచ్చిన చైనా పరిశోధన అది. మనిషి మూలకణాల్లో ఫాక్సో3 అనే జన్యువును మార్చి, తొందరగా ముసలివి కాని మెసెంకైమల్ కణాలు తయారుచేశారు. ముసలి కోతులకి రెండు వారాలకోసారి 44 వారాల పాటు ఎక్కించారు. జ్ఞాపకశక్తి, ఎముకలు, చాలా అవయవాల కణాల గడియారాలు మెరుగైనట్టు కనిపించింది. ఎలుకలు కాకుండా కోతులు కాబట్టి బరువైన ఫలితమే. కోతులు కొన్నే, ఎక్కువ కాలం బతికాయో లేదో ఇంకా చూడలేదు, ఇంకో ల్యాబ్ చేసి చూపించాలి. ఒకటి మాత్రం గట్టిగా చెప్పొచ్చు: బయట క్లినిక్‌ల్లో దొరికేది ఈ కణం కాదు, ఈ వార్తను గోడకి అంటించుకున్న క్లినిక్‌లో కూడా కాదు.

మోకాళ్ల నొప్పికైనా పనిచేస్తుందా?

2023లో సుమారు 480 మంది మీద పెద్ద ప్రయోగం ఫలితాలు వచ్చాయి. మజ్జ నుంచి తీసినవి, కొవ్వు నుంచి తీసినవి, బొడ్డుతాడు నుంచి తీసినవి, మూడు రకాలనూ మామూలు స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో పోల్చారు. ఏడాది తర్వాత నొప్పిలో తేడా లేదు. ఖర్చులో ఉన్న తేడా మీకు తెలిసిందే.

మన సొంత కొవ్వు నుంచి తీసిన కణాలే కదా, రిస్క్ ఏముంటుంది?

సొంతవైనంత మాత్రాన ఎక్కడ పెట్టినా సురక్షితం అని కాదు. చూపు మందగిస్తున్న ముగ్గురు పెద్ద వయసు ఆడవాళ్లకి అమెరికాలో ఒక క్లినిక్‌లో వాళ్ల సొంత కొవ్వు కణాలనే కంట్లోకి ఎక్కించారు, అదీ ఒకేరోజు రెండు కళ్లకీ. ముగ్గురికీ చూపు దాదాపు పూర్తిగా పోయింది. 2017లో వైద్య పత్రికలో ఆ వివరాలు వచ్చాయి. ఒక్కొక్కరూ 5,000 డాలర్లు కట్టారు. అది ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నమోదైన క్లినికల్ ట్రయల్ అనే నమ్మకంతో వెళ్లినవాళ్లూ వాళ్లలో ఉన్నారు. ఇది గుర్తుపెట్టుకోండి: ట్రయల్‌ని నమోదు చేసినంత మాత్రాన దాన్ని ఎవరో పరిశీలించి ఆమోదించారని కాదు.

పక్షవాతం వచ్చిన ఒకాయన వేర్వేరు దేశాలు తిరిగి వెన్నులోకి స్టెమ్ సెల్స్ ఎక్కించుకున్నారు. తర్వాత వెన్నెముకలో గడ్డ పెరిగింది, పరీక్షిస్తే ఆ గడ్డ కణాలు ఆయనవి కావు, వేరే మనిషివి. 2018లో బొడ్డుతాడు రక్తం నుంచి తయారుచేశామంటూ అమ్మిన ఇంజెక్షన్ల వల్ల 12 మంది తీవ్రమైన ఇన్ఫెక్షన్లతో ఆసుపత్రి పాలయ్యారు, కారణం సూక్ష్మక్రిములతో కలుషితమైన సీసాలు.

ఇలాంటివి అందరికీ జరుగుతాయని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. మంచి ల్యాబ్‌లో పెంచి, జాగ్రత్తగా పరీక్షించిన మెసెంకైమల్ కణాలు ప్రయోగాల్లో చాలామందికి పెద్ద ఇబ్బంది కలిగించలేదు. సమస్య ఏమిటంటే, ఆ జాగ్రత్తలు పాటిస్తున్నారో లేదో మీరు క్లినిక్ సోఫాలో కూర్చుని తెలుసుకోలేరు.

ఎక్సోసోమ్‌లు, కుర్రవాళ్ల ప్లాస్మా, స్టెమ్ సెల్ క్రీములు?

ఎక్సోసోమ్‌లు కణాలు వదిలే అతిచిన్న సంచులు. పరిశోధన మంచిగానే సాగుతోంది, కానీ ఏ జబ్బుకీ ఎఫ్‌డీఏ అనుమతి పొందిన ఎక్సోసోమ్ మందు లేదు. 2019లో వీటివల్ల కొందరికి తీవ్ర సమస్యలు వచ్చాక ఆ సంస్థ బహిరంగంగా హెచ్చరించింది కూడా.

ప్లాస్మా అంటే కణాలు తీసేశాక మిగిలే రక్తపు ద్రవం. దాని కథ 2005లో మొదలైంది. ముసలి ఎలుకని, పడుచు ఎలుకని రక్తప్రసరణ కలిసేలా కుట్టేస్తే ముసలిదాని కండరాల మూలకణాలు మళ్లీ లేచి పనిచేశాయి. అందరూ "యువ రక్తంలో ఏదో ఉంది" అన్నారు. 2020లో ఆ పరిశోధకుల్లో కొందరే ఇంకో పని చేశారు, పడుచు రక్తం ఊసే లేకుండా ముసలి ఎలుక ప్లాస్మాలో సగం తీసేసి సెలైన్, ఆల్బుమిన్ నింపారు. దాదాపు అవే లాభాలు! అంటే ముసలి రక్తంలో ఉన్న చెడును పలచన చేయడమే అసలు సంగతి కావొచ్చు. యువకుల ప్లాస్మాను వయసు తగ్గించడానికి ఎక్కించుకోవద్దని ఎఫ్‌డీఏ 2019 ఫిబ్రవరిలోనే చెప్పింది.

క్రీముల్లో బతికున్న కణం ఉండదు, డబ్బాలో బతకదు. మాత్రలూ అంతే.

వయసును నెమ్మదింపజేసే మందులు వేరే ఏమైనా ఉన్నాయా?

ఎలుకల్లో గట్టిగా నిలబడింది రాపమైసిన్. ఈస్టర్ ఐలండ్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి వచ్చిన మందు, కిడ్నీ మార్పిడి రోగులకి వాడతారు. 600 రోజుల వయసున్న, అంటే అప్పటికే ముసలి ఎలుకలకి మొదలుపెట్టినా ఆయుష్షు ఆడవాటిలో 14, మగవాటిలో 9 శాతం పెరిగిందని 2009లో మూడు ల్యాబ్‌లు కలిసి చూపించాయి. మనుషుల్లో ఆయుష్షు పెంచుతుందనే రుజువు లేదు. రోగనిరోధక శక్తి, కొలెస్ట్రాల్, నోటిపూత, ఇలా దుష్ప్రభావాల జాబితా మాత్రం ఉంది.

మెట్‌ఫార్మిన్ గురించి చాలామంది అడుగుతారు. షుగర్ ఉన్నవాళ్లకి మంచి మందు. షుగర్ లేని పెద్దవాళ్లు బరువులెత్తే వ్యాయామం చేస్తూ ఇది వేసుకుంటే కండ పెరగడం తగ్గిందని 2019లో ఒక ప్రయోగం చూపించింది, కాబట్టి పోతే పోనీ అని వేసుకునేది కాదు.

సెనోలిటిక్స్ అంటే చావకుండా, పనిచేయకుండా కూర్చుని చుట్టూ వాపు పుట్టించే ముసలి కణాలను ఏరేసే మందులు. ఎలుకల్లో అద్భుతంగా ఉన్నాయి. మోకాళ్ల అరుగుదలకి ఇలాంటి ఒక మందు మనుషుల ప్రయోగంలో 2020లో ప్లాసిబోని దాటలేకపోయింది. ఎలుకకీ మనిషికీ మధ్య ఇలా ఎన్నో రాలిపోతాయి.

మందులు లేకుండా చేయగలిగింది ఏమైనా ఉందా? వ్యాయామం అని మాత్రం చెప్పకండి.

వ్యాయామమే, ఏం చేయమంటారు. 1990లో సగటు వయసు 90 ఉన్న వృద్ధాశ్రమ వాసులు పదిమందితో ఎనిమిది వారాలు కాళ్లకి బరువుల వ్యాయామం చేయించారు. పూర్తిచేసినవాళ్ల కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. కండరాల మూలకణాలను నిద్రలేపే పని ఇప్పటికీ ఇంత బాగా చేసే ఇంజెక్షన్ లేదు.

తిండి తగ్గించడం మీద మంచి ప్రయోగం ఒకటి జరిగింది, రెండేళ్ల పాటు కేలరీలు 25 శాతం తగ్గించమంటే జనం దాదాపు 12 శాతం తగ్గించగలిగారు. ముసలితనం వేగాన్ని కొలిచే ఒక గడియారం 2–3 శాతం నెమ్మదించింది, మిగతా గడియారాలు కదల్లేదు. చిన్నదే, కానీ నిజమైన పోలికతో వచ్చిన అంకె. పొగ మానడం, బీపీ అదుపు, నిద్ర సంగతి మీకు తెలిసినవే, కొత్తగా చెప్పేదేం లేదు.

పుట్టిన బిడ్డ బొడ్డుతాడు రక్తం దాచిపెట్టమంటున్నారు, పెద్దయ్యాక వయసు తగ్గించుకోవడానికి పనికొస్తుందా?

వయసుకి పనికొస్తుందనడానికి ఆధారం లేదు. ఆ రక్తం విలువైనదే, 1988లో పారిస్‌లో ఎలియాన్ గ్లూక్‌మన్ ఒక పిల్లవాడికి చెల్లెలి బొడ్డుతాడు రక్తంతో మొదటి మార్పిడి చేశారు, అప్పటి నుంచి వేలమందికి ఉపయోగపడింది. అయితే ఎక్కువగా పనికొచ్చేది వేరేవాళ్లకి. జన్యు జబ్బు ఉంటే బిడ్డ సొంత కణాల్లోనూ అదే లోపం ఉంటుంది కదా. ఇంట్లో ఇప్పటికే అలాంటి జబ్బున్న పిల్లలుంటే డాక్టరుతో మాట్లాడి దాచొచ్చు, లేకపోతే పబ్లిక్ బ్యాంకుకి ఇవ్వడం మేలు.

మా నాన్నగారు వయసు తగ్గించే ప్యాకేజీకి అడ్వాన్స్ కట్టేశారు. వద్దంటే వినట్లేదు. ఏం చేయాలి?

వాదన పెట్టుకోకండి, మీరు వద్దనేకొద్దీ ఆయన పట్టుదల పెరుగుతుంది. ఆయనతో కలిసే క్లినిక్‌కి వెళ్లి, ఆయన ముందే అడగండి. ఎక్కించేది ఏ కణం, ఎవరి నుంచి తీశారు, ఏ ల్యాబ్‌లో పెంచారు, ఎక్కించే ముందు ఎన్ని బతికున్నాయో పరీక్షించిన కాగితం ఇస్తారా? ఈ వాడకానికి ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఉందా, ఉంటే ఏ జబ్బుకి? ట్రయల్ అంటే ఎథిక్స్ కమిటీ అనుమతి చూపించండి, ట్రయల్ అయితే పాల్గొనేవాళ్ల దగ్గర డబ్బు ఎందుకు తీసుకుంటున్నారు? జ్వరం వచ్చినా, గడ్డ కనిపించినా ఎవరు చూస్తారు, ఎన్నేళ్లు ఫాలో అప్ చేస్తారు? ఒకే కణంతో కీళ్లు, షుగర్, మతిమరుపు, జుట్టు, అన్నీ బాగవుతాయన్నారంటే ఆ మాట ఒక్కటి చాలు.

జవాబులన్నీ రాసి ఇవ్వమనండి. రాసిస్తే ఆ కాగితాన్ని నాన్నగారి మామూలు డాక్టరుకి చూపించండి, ఆయనకి క్యాన్సర్ చరిత్ర ఉన్నా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా ముందే చెప్పండి. రాసివ్వకపోతే అడ్వాన్స్ వెనక్కి అడగండి, పోయినా ఫర్వాలేదనుకోండి.